షింజుకు గ్యోయెన్: ఏ నెలలో వెళ్ళాలి, ఏ గేటు నుంచి వెళ్ళాలి

టోక్యోలో ఒక్క తోట చూసే తీరికే ఉందంటే షింజుకు గ్యోయెన్‌కు వెళ్ళండి. మార్చి ఆఖరి శని, ఆదివారాల్లో మాత్రం వద్దు. 58.3 హెక్టార్ల తోట, చుట్టుకొలత మూడున్నర కిలోమీటర్లు. లోపల ఫ్రెంచి, ఇంగ్లీషు, జపనీస్ పద్ధతుల్లో వేసిన మూడు వేర్వేరు తోటలున్నాయి. ఇంత ఉన్నా చాలామంది దీన్ని చెర్రీ పూల వారంలోనే చూసి, "బాగుంది గానీ జనం ఎక్కువ" అని వెళ్ళిపోతారు. ఆ వారం అందంగా ఉండదని కాదు. అవే 500 యెన్లు పెట్టి రెండు వారాలు ఆలస్యంగా వెళ్తే ఇంతకంటే మంచి పూలు ఇంతకంటే తీరిగ్గా చూడొచ్చు. డిసెంబరు మొదటి వారంలో వెళ్తే ఇంకో తోటలో ఉన్నట్టే ఉంటుంది.

ముందు టికెట్టు సంగతి. పెద్దలకు 500 యెన్లు. 65 ఏళ్ళు దాటినవాళ్ళకూ, హైస్కూలు నుంచి పై తరగతుల విద్యార్థులకూ 250. వయసు, చదువు రుజువు చేసే కార్డు చూపించాలి. జూనియర్ హైస్కూలు వరకు పిల్లలకు ఉచితం. 2019 మార్చి దాకా ఇది 200 యెన్లే ఉండేది కాబట్టి పాత వ్యాసాల్లో ఆ ధర కనిపిస్తే నమ్మకండి. గేటు దగ్గరి మెషీన్లలో రైలు ప్రయాణాలకు వాడే సుయికా, పాస్మో ప్రీపెయిడ్ కార్డులు కూడా పనిచేస్తాయి.

ధర కంటే జాగ్రత్త పడాల్సింది వేళల విషయంలో. ఉదయం 9 గంటలకు తెరవడం ఏడాదంతా మారదు, మూసే సమయం మారుతుంది. అక్టోబరు 1 నుంచి మార్చి 14 వరకు సాయంత్రం 4:30. మార్చి 15 నుంచి జూన్ 30 వరకు, మళ్ళీ ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 30 వరకు 6 గంటలు. నడివేసవిలో, అంటే జూలై 1 నుంచి ఆగస్టు 20 వరకు, 7 గంటలు. మూయడానికి అరగంట ముందే గేటులోకి రానివ్వడం ఆపేస్తారు. చలికాలంలో మధ్యాహ్నం మూడున్నరకు తీరిగ్గా చేరుకునేవాళ్ళకు మిగిలేది గంటే. అంత పెద్ద తోటలో అది ఒక మూల చూడ్డానికి కూడా చాలదు.

సోమవారం సెలవు. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఆ సోమవారం జాతీయ సెలవు దినమైతే తోట తెరిచి ఉంచి, దానికి బదులు మర్నాడు మూస్తారు. జపాన్‌లో సోమవారాల్లో పడేటట్టు పెట్టుకున్న జాతీయ సెలవులు చాలానే ఉన్నాయి. లాంగ్ వీకెండ్ రద్దీ తగ్గాక మంగళవారం వెళ్దామనుకునేవాళ్ళు మూసిన గేటు చూసి వెనుదిరిగేది అందుకే. డిసెంబరు 29 నుంచి జనవరి 3 వరకు కూడా తోట ఉండదు. మార్చి 25 నుంచి ఏప్రిల్ 24 వరకు, నవంబరు 1 నుంచి 15 వరకు మాత్రం వారపు సెలవు లేకుండా రోజూ తెరుస్తారు. మొదటిది చెర్రీల కోసం, రెండోది చామంతుల కోసం.

గేటు ఎంచుకోవడం సగం పని

గేట్లు మూడు: షింజుకు గేటు, ఒకిదో గేటు, సెందగాయ గేటు. ఏది దగ్గరైతే దాంట్లోంచి వెళ్ళడం కంటే, ఆ నెలలో ఏం పూస్తున్నాయో చూసుకుని గేటు ఎంచుకోవడం మంచిది.

షింజుకు గేటు జేఆర్ షింజుకు స్టేషను దక్షిణ ద్వారం నుంచి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలు సరైన ద్వారంలోంచి బయటపడ్డవాళ్ళకే. పడమటి ద్వారంలోంచి వచ్చేస్తే మళ్ళీ ఇటువైపు చేరడానికే ఇంకో పది నిమిషాలు పోవచ్చు. స్టేషను అలవాటు లేనివాళ్ళకు మరునొఉచి సబ్‌వే లైను మేలు: టోక్యో స్టేషనులో ఎక్కితే మారకుండా షింజుకు గ్యోయెన్‌మాయెలో దిగొచ్చు. అక్కడ 1వ నంబరు ఎగ్జిట్ షింజుకు గేటుకు, 2వ నంబరు ఒకిదో గేటుకు తీసుకెళ్తాయి. రెండూ ఐదు నిమిషాల దూరమే.

సెందగాయ గేటు దక్షిణం వైపు ఉంది, జేఆర్ సెందగాయ స్టేషను నుంచి ఐదు నిమిషాలు. ఇక్కడొక చిక్కు ఉంది. సెందగాయలో పసుపు చారల సోబు లైను లోకల్ బళ్ళే ఆగుతాయి. నారింజ చారల చువొ రాపిడ్ ఆగకుండా వెళ్ళిపోతుంది. షింజుకులో తొందరపడి అది ఎక్కితే యొత్సుయాలో దిగి వెనక్కి రావాలి. లోకల్ ఎక్కితే యొయొగి దాటగానే సెందగాయే. చెర్రీల కాలంలో మా ఓటు ఈ గేటుకే: లోపల అడుగు పెట్టగానే చెర్రీ చెట్ల మైదానం ఎదురవుతుంది, షింజుకు గేటు దగ్గరుండే పొడుగాటి వరుసా తప్పుతుంది.

గులాబీల కోసం, గాజు గృహం కోసం అయితే ఒకిదో. ఈ గేటు పక్కన తమమొ చెరువు దగ్గర చిన్న తోట ఒకటుంది. జనం దాన్ని గమనించకుండా దాటిపోతారు గానీ, ఇక్కడి వాటిలో అన్నింటికంటే పాతది అదే. ఈ స్థలమంతా నైతొ అనే సామంతుల వంశానిది. 1590లో తొకుగావా ఇయెయాసు (తర్వాత జపాన్‌ను ఏలిన షోగున్) వాళ్ళకు ఇచ్చాడు. ఆ వంశం వారి తోటలో మిగిలిన ముక్క ఈ చెరువు. షోగున్ల పాలన పోయాక వచ్చిన మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం 1872లో ఇక్కడ వ్యవసాయ ప్రయోగ కేంద్రం పెట్టింది. తర్వాత అది రాజకుటుంబం చేతికి వెళ్ళి, ఫ్రెంచివాడు హెన్రీ మార్తినె గీసిన నమూనా మీద 1906లో రాజోద్యానంగా తయారైంది. 1945 బాంబుదాడుల్లో చాలా భాగం తగలబడింది. 1949 మే 21న మామూలు జనానికి తెరిచారు. ఇప్పుడు పర్యావరణ మంత్రిత్వ శాఖ అధీనంలో ఉంది.

చెర్రీలు: ఒక్క వారం కాదు, ఆరు నెలలు

టోక్యోలో ఎక్కడ చూసినా కనిపించేది సొమెయి యొషినొ రకం. అవన్నీ అంటు కట్టి పెంచిన ఒకే చెట్టు నకళ్ళు కాబట్టి ఒకేసారి పూసి ఒకేసారి రాలిపోతాయి. మొగ్గ విచ్చిన వారానికి నిండుగా పూస్తాయి, ఇంకో వారానికి రాలిపోతాయి. మధ్యలో ఒక వాన, ఒక గట్టి గాలి వస్తే అదీ ఉండదు. అందుకే ఊరంతా ఆ నాలుగు రోజుల మీదే పడుతుంది.

ఇక్కడ దాదాపు వెయ్యి చెర్రీ చెట్లున్నాయి, అవీ డెబ్భై రకాల దాకా. జూగత్సుజకురా అక్టోబరులోనే మొదలుపెట్టి చలికాలమంతా చిన్నచిన్న పూలు విడతలుగా పూస్తుంది. కంజకురా జనవరి, ఫిబ్రవరుల్లో. మార్చిలో కుంకుమ రంగు కంహిజకురా, తర్వాత యొకొ, ఆపైన కొమ్మలు నేల వైపు వాలే షిదరె. అప్పుడు వస్తుంది సొమెయి యొషినొ వంతు. చాలామంది ప్రయాణం ముగించుకునే ఈ దగ్గరే తోట అసలు సిసలు బలం మొదలవుతుంది: ముద్ద చెర్రీలు.

ఏప్రిల్ 10 నుంచి 20 మధ్య అని గుర్తు పెట్టుకోండి. ఎండ ముదిరిన సంవత్సరాల్లో మూడు నాలుగు రోజులు ముందుకు జరుగుతుంది. ఈ తోటకు పేరు తెచ్చిన ఇచియొ అప్పుడు పూస్తుంది. లేత గులాబీ రంగు, పొరలు పొరలుగా రేకులు, పువ్వు నడుమ ఆకులా మారిన అండకోశం ఒకటి బయటికి తొంగి చూస్తుంటుంది. దాని వెనకే ముదురు గులాబీ కంజన్. ఉకొన్ లేత పసుపు. గ్యొయికొ రేకులు ఆకుపచ్చ చారలతో ఉంటాయి, దగ్గరికి వెళ్తే తప్ప అది పువ్వని పోల్చుకోలేం. వీటి కొమ్మలు కిందికి వంగి ముఖానికి ఎదురుగా ఉంటాయి కాబట్టి ఫోన్ కెమెరాతోనే మంచి ఫొటోలు వస్తాయి. సొమెయి యొషినొ కంటే ఎక్కువ రోజులు నిలుస్తాయి కూడా. ముద్ద రకాలు ఇక్కడ ఇంత ఎక్కువగా ఉండడం వెనక చరిత్ర ఉంది: రాజకుటుంబం ఇచ్చే చెర్రీ విందులు 1917 నుంచి 1938 వరకు ఈ తోటలోనే జరిగాయి, యుద్ధం తర్వాత ప్రధానమంత్రి ఇచ్చే వసంత విందు కూడా ఏప్రిల్‌లో ఇక్కడే 2019 వరకు నడిచింది.

మార్చి ఆఖర్లోనే వెళ్ళక తప్పదంటే కొన్ని సంగతులు. రద్దీ రోజుల్లో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటేనే రానిచ్చే పద్ధతి కొన్నేళ్ళుగా ఉంది. ఏ తేదీలకో ప్రతి ఏడూ మారుతుంది కాబట్టి తోట వెబ్‌సైట్ చూసుకునే బయల్దేరండి. గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తారు. మద్యం కోసం వెతుకుతారు: ఉయెనొ, యొయొగి పార్కుల్లో చెర్రీల కింద తాగుతూ కూర్చోవచ్చు గానీ ఇక్కడ ఏ కాలంలోనూ కుదరదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఈ ఒక్క నిబంధన చాలు, మిగతా పార్కుల మీద దీన్ని ఎంచుకోవడానికి. వారం మధ్యలో ఉదయం 8:45కల్లా సెందగాయ గేటు దగ్గర నిలబడితే మొదటి గంట హాయిగా గడుస్తుంది. పదకొండు దాటాక పచ్చిక మీద దుప్పటి పరిచే చోటు కోసం వెతుక్కోవాలి.

మే నుంచి సెప్టెంబరు దాకా

మేలో చూడాల్సినవి రెండు. ఫ్రెంచి తోట నడుమ మళ్ళలో గులాబీలు, వంద రకాలు పైగా. ఇవే అక్టోబరులో మళ్ళీ పూస్తాయి, అప్పుడు పూలు కాస్త తక్కువైనా రంగు చిక్కగా ఉంటుంది. రెండోది ఇంగ్లీషు తోట పచ్చికలో నిలబడ్డ తులిప్ చెట్లు. మెయిజీ కాలంలో నాటినవి, మహావృక్షాలు. పువ్వు ఆకుపచ్చ, పసుపు కలిసి అడుగున నారింజ పట్టీతో ఉంటుంది. ఆకుల మధ్య ఎత్తున పూస్తుంది కాబట్టి కింద నిలబడ్డవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి కనబడదు. బైనాక్యులర్ తీసుకెళ్ళండి, లేదా ఫోన్ జూమ్ వాడండి.

జూన్‌లో వానలు, వాటితోపాటు అజిసాయి (హైడ్రాంజియా) పూలు. అజిసాయి కోసమే అయితే టోక్యోలో ఇంతకంటే మంచి చోట్లున్నాయి. జూలై, ఆగస్టుల్లో పగలు వెళ్ళకండి. గాలిలో తేమ వల్ల 35 డిగ్రీల ఎండ ఒంటికి ఇంకా ఎక్కువగా తగులుతుంది, విశాలమైన పచ్చికలో నీడ అంచులకే ఉంటుంది. ఆ నెలల్లో ఏడింటి దాకా తెరిచి ఉంచుతారు కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత వెళ్ళడమే పద్ధతి. దోమల మందు రాసుకోవాలి. 2014లో దగ్గర్లోని యొయొగి పార్కు నుంచి డెంగ్యూ వ్యాపించినప్పుడు ముందుజాగ్రత్తగా ఈ తోటను కూడా సెప్టెంబరులో మూసేశారు. సెప్టెంబరు మూడో వారానికి ఎర్రటి హిగన్‌బానాలు (స్పైడర్ లిల్లీలు) చెట్ల కింద గుత్తులుగా లేస్తాయి. ఆ వెంటనే ఘాటైన సువాసన ఉన్న కిన్‌మొకుసెయి చెట్టు పూస్తుంది. అది కంటికి కంటే ముందు ముక్కుకు తెలుస్తుంది.

చామంతులు, తర్వాత ఎర్రటి ఆకులు

నవంబరు 1 నుంచి 15 వరకు జపనీస్ తోటలో జరిగే చామంతి ప్రదర్శనకు విదేశీ యాత్రికులు ఇచ్చే విలువ తక్కువ. మా దృష్టిలో ఇది చెర్రీల కంటే అరుదైనది, ఎందుకంటే చెర్రీలు దేశమంతా ఉన్నాయి. రాజకుటుంబపు తోటలో పుట్టిన ఈ పెంపకం పద్ధతి చూడాలంటే ఇక్కడికే రావాలి. 1929 నుంచి రాజుగారి చామంతి విందు ఈ తోటలో జరిగేది. ఆ పద్ధతుల్నే ఇప్పటికీ కొనసాగిస్తున్నారు.

వెదురుతో, చెక్కతో కట్టిన పందిళ్ళ కింద రకాన్ని బట్టి మొక్కలు పెడతారు. వాటికి నంబర్లు ఉంటాయి, ఆ వరుసలోనే చూడండి. అమరిక కూడా ఆ క్రమంలో చూసేవాళ్ళ కోసమే. తప్పకుండా ఆగాల్సింది ఒజుకురి దగ్గర. ఒకే ఒక్క మొక్క, ఒకే కాండం. చిగుళ్ళు గిల్లుతూ, కొమ్మలు కట్టుతూ దాదాపు ఏడాది పెంచి, వందల పూలు ఒకేసారి ఒకే ఎత్తులో గుమ్మటంలా విచ్చేలా చేస్తారు. ముందు నిలబడి చూసి వెళ్ళిపోకుండా, వీలైతే వంగి కిందినుంచి ఆ ఒక్క కాండాన్ని చూడండి. కెంగాయి రకం కొండ అంచు నుంచి జారే తీగలా కిందికి వాలుతుంది. ఇసె చామంతి రేకులు నీరసంగా వేలాడతాయి, సగ చామంతి రేకులు నిటారుగా కుచ్చులా నిలుస్తాయి. ఎదొ చామంతి విచ్చుకున్నాక కూడా రేకులు మెలితిరుగుతూ రూపం మార్చుకుంటూనే ఉంటుంది, మొదటి వారంలో చూసిన పువ్వు రెండో వారంలో అలా ఉండదు. అన్నీ నిండుగా చూడాలంటే 5వ తేదీ నుంచి 12వ తేదీ మధ్య వెళ్ళండి; మొదటి రెండు రోజుల్లో కొన్ని ఇంకా మొగ్గ దశలో ఉండొచ్చు.

ప్రదర్శన అయిపోయాక వారం పదిరోజులు విరామంలా ఉంటుంది, అప్పుడు తొందరపడొద్దు. ఫ్రెంచి తోటకు రెండు పక్కలా సాగే ప్లాటనస్ చెట్ల వరుసలు నవంబరు రెండో సగంలో గోధుమ బంగారు రంగుకు వస్తాయి. రాలిన ఆకులు అరచేతి కంటే పెద్దవి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య పడమటి ఎండ ఆ దారిలోకి ఏటవాలుగా పడుతుంది, ఫొటోలకు అదే మంచి వేళ. కింది చెరువు దగ్గర మొమిజియామ అనే గుట్ట ఉంది. మాపుల్స్ అక్కడ ఎక్కువ. క్యోటో గురించి చదివి నవంబరు మధ్యలో వచ్చేవాళ్ళకు ఇవి పచ్చగానే కనిపిస్తాయి. రాత్రులు బాగా చల్లబడితే తప్ప ఆకు ఎర్రబడదు, టోక్యో కాంక్రీటు పగటి వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది. అందుకే నవంబరు ఆఖరి రోజుల నుంచి డిసెంబరు రెండో వారం దాకా ఇక్కడ అసలు కాలం.

ఆ రోజుల్లోనే ఇంకో మూల చూడండి. బాల్డ్ సైప్రస్ చెట్లు, జపనీస్‌లో రకుఉషొ, తడి నేలలో పెరుగుతాయి. వేళ్ళు ఊపిరి కోసం నేలలోంచి మోకాళ్ళలాంటి బుడిపెలుగా పైకి లేచి ఉంటాయి. డిసెంబరు మొదట్లో ఆ చెట్లు ఇటుక రంగుకు తిరుగుతాయి. తల్లీపిల్లల అడవి అని పేరున్న ఆ భాగంలో దారి మట్టిది. వాన పడ్డ మర్నాడు మంచి బూట్లు తొడుక్కుని వెళ్ళండి, చక్రాల బండ్లతో వెళ్ళకండి.

జనవరి, ఫిబ్రవరుల్లో పచ్చిక గడ్డి నిద్రావస్థకు వెళ్ళి లేత గోధుమ రంగులో ఉంటుంది. చూడగానే ఎండిపోయిందనుకుంటారు, అది ఆ గడ్డి స్వభావం. ఈ రెండు నెలల్లో వెళ్ళడానికి కారణాలు: సువాసన వెదజల్లే నార్సిసస్ పూలు, కంజకురా, ఫిబ్రవరిలో ఉమె (జపనీస్ ప్లమ్ పూలు), తేటగా ఉండే ఆకాశం. ఆకులు రాలడంతో చెట్ల ఆకృతి బయటపడుతుంది. హిమాలయ దేవదారు చెట్లు మాత్రం పచ్చగా, నేల దాకా జారిన కొమ్మలతో అలాగే నిలుస్తాయి.

చలికాలంలో గాజు గృహం కూడా అక్కరకొస్తుంది. 2012లో కొత్తగా తెరిచిన ఇందులో ఉష్ణమండలపు మొక్కలు, ఆర్కిడ్లు కలిపి 2,700 రకాల దాకా ఉన్నాయి. టికెట్టు వేరే లేదు. ఉదయం 9:30కి తెరుస్తారు, తోట కంటే ముందే మూసేస్తారు కాబట్టి దీన్ని చివరికి పెట్టుకోవద్దు. బయటి చలిలోంచి లోపలికి రాగానే కళ్ళజోడు, కెమెరా లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. కెమెరాను సంచిలోనే ఉంచి పది నిమిషాలు ఆగి తీయండి. తుడిస్తే మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంటుంది.

తిండి, నిబంధనలు, లోపాలు

లోపల కాఫీ షాపు ఉంది, తినడానికి దొరుకుతుంది. పూల కాలంలో వరుసలు పొడుగు. చెరువు కనిపించే బల్ల కోసం ముప్పావు గంట నిలబడడం కంటే, వచ్చే దారిలోనే షింజుకు డిపార్ట్‌మెంట్ స్టోర్ల బేస్‌మెంటులో బెంతొ (డబ్బాలో సర్దిన భోజనం) కొనుక్కుని పచ్చిక మీద కూర్చోవడం వెయ్యి రెట్లు నయం. శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోవాలి: కూరగాయల బెంతొలో కూడా తరచుగా చేప కషాయం వేసి వండుతారు. పండ్లు, బ్రెడ్డు, ఉప్పు అన్నపు ఉండల్లాంటివి ఎంచుకుని, లేబులు చదివించుకోవడం మేలు. పరుచుకోవడానికి అడుగున ప్లాస్టిక్ ఉన్న షీటు తీసుకెళ్ళండి. ఉదయం మంచుకు గడ్డి తడిగా ఉంటుంది, బట్ట దుప్పటి అయితే పది నిమిషాల్లో నానుతుంది. చెత్త మీ వెంటే తీసుకుపోయేలా ఒక కవరు ఉంచుకోండి.

బంతులు, బ్యాడ్మింటన్, సంగీత వాయిద్యాలు, కుక్కలు, డ్రోన్లు, సైకిళ్ళు ఏవీ రానివ్వరు. ఆటలాడుకునే ఊపు మీదున్న పిల్లలుంటే దగ్గర్లోని యొయొగి పార్కు సరైనది. అది ఉచితం కూడా. అక్కర ఉన్నవాళ్ళకు గేట్ల దగ్గర చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. పెద్ద సూట్‌కేసులతో రాకండి, స్టేషను లాకర్లలోనే పెట్టేయండి.

లోపాలు చెప్పాలంటే, చలికాలంలో 4:30కి మూసేయడమే అన్నింటికంటే పెద్దది. డిసెంబరు మొదట్లో టోక్యోలో సూర్యుడు అస్తమించేదీ సరిగ్గా అప్పుడే. ఎర్రటి ఆకుల మీద సాయంత్రపు ఎండ కోసం వచ్చేవాళ్ళు మూడింటికే కింది చెరువు దగ్గర ఉండాలి, లేకపోతే దొరకదు. పడమటి అంచున 240 మీటర్ల ఎత్తున లేచిన దొకొమొ టవరు జపనీస్ తోటలోని ప్రతి ఫొటోలోకీ చొరబడుతుంది, కొందరికది అడ్డు. దారి తప్పినప్పుడు అటు పడమర అని తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. జపనీస్ తోటలోని చెరువుకు అవతల ఉన్న గ్యొర్యొతెయి మందిరం, యువరాజు (తర్వాతి చక్రవర్తి హిరొహితొ) పెళ్ళి కానుకగా, అప్పట్లో జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లోని జపనీయులు విరాళాలు పోగుచేసి కట్టించి 1927లో పూర్తయినది. దాని మెట్ల మీద నుంచి వెనక్కి చూస్తే టవరు ఫొటోలో పడదు.

టోక్యోలోనే ఉంటున్నవాళ్ళు ఏడాది పాసు తీసుకోండి. పెద్దలకు 2,000 యెన్లు, నాలుగు టికెట్ల ఖరీదు. ఫిబ్రవరిలో కంజకురా, ఏప్రిల్ మధ్యలో ఇచియొ, మేలో గులాబీలు, నవంబరులో చామంతులు అనుకుంటేనే డబ్బు తిరిగొచ్చేస్తుంది. డిసెంబరులో మొమిజియామ ఆ పైన లాభం. ఫిబ్రవరి మొదటి వారంలో తీసుకుంటే ఈ ఐదూ ఒకే పాసు గడువులో పడతాయి.